టూరిన్ ఈజిప్టు మ్యూజియం: రాజుల కన్నా పనివాళ్ల కోసం చూడవలసిన చోటు

ఈజిప్టు పురావస్తువులు చూడడానికి ఇటలీ దాకా వెళ్లడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే పూర్తిగా ప్రాచీన ఈజిప్టుకే కేటాయించిన మ్యూజియాల్లో ప్రపంచంలోకెల్లా పాతది టూరిన్ నగరంలోని మూజెయో ఎజీత్సియో. ఈజిప్టులో ఫ్రాన్సు కాన్సల్‌గా పనిచేసిన బెర్నార్డినో ద్రొవెత్తి పోగుచేసుకున్న ఐదు వేలకు పైబడిన వస్తువులను 1824లో సవోయ్ వంశపు రాజు కార్లో ఫెలీచే కొనడంతో మొదలైన ఈ సేకరణలో ఇప్పుడు దాదాపు 40 వేల వస్తువులున్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కింది అంతస్తులోని రాజుల విగ్రహాల దగ్గర ఫొటోలు దిగి, మిగిలినదంతా నడకలోనే చూసి బయటపడుతుంటారు. నా మటుకు నాకు టికెట్టు డబ్బులు మొదటి అంతస్తులోనే గిట్టాయి.

చూసే క్రమం పైనుంచి కిందికి సాగుతుంది. ఎస్కలేటర్ మీద రెండో అంతస్తుకు వెళ్లి, కాలక్రమంలో ఒక్కో అంతస్తూ దిగుతూ రావాలి. పైఅంతస్తులో పిరమిడ్లకు ముందు కాలం నాటి వస్తువులున్నాయి. వాటిలో మోకాళ్లు ముడుచుకుని పక్కకు ఒరిగి ఉన్న ఒక శవం దగ్గర తప్పక ఆగాలి. ఎండకూ ఇసుకకూ దానంతటదే ఎండిపోయిందని చాలాకాలం అందరూ అనుకున్న ఆ దేహానికి, చెట్ల జిగురు, నూనెలు, సుగంధ ద్రవ్యాలు కలిపిన లేపనం పూశారని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. అంటే శవాన్ని భద్రపరిచే విద్య అంతకుముందు అనుకున్నదానికన్నా వెయ్యేళ్లకు పైగా పాతదన్నమాట. ఆ అంతస్తులో మిగిలినవాటికి ఒక గంట చాలు.

మొదటి అంతస్తులో ఉన్నది ఖా, మెరిత్ దంపతుల సమాధి నుంచి తెచ్చిన సామాను. ఖా రాజు కాదు, పూజారీ కాదు. నేటి లక్సర్‌కు ఎదురుగా, నైలు పడమటి గట్టున ఉన్న దేర్ ఎల్ మెదీనా అనే ఊళ్లో, రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల మీద పెద్దగా, సుమారు క్రీ.పూ. 1400 ప్రాంతంలో ముగ్గురు ఫారోల హయాంలో పనిచేసినవాడు. పూజామందిరం ఒక చోట, సమాధి దానికి దూరంగా మరో చోట ఉండడంతో దొంగల కన్ను దాని మీద పడలేదు. 1906లో ఈ మ్యూజియం డైరెక్టర్ ఎర్నెస్తో స్కియపరెల్లి బృందం తలుపు తెరిచేదాకా లోపలి సామాను పెట్టినచోట పెట్టినట్టే ఉండిపోయింది.

ఆ సామానును తీరిగ్గా చూడాలి. రకరకాల ఆకారాల్లో కాల్చిన రొట్టెలు ఇంకా రొట్టెల్లాగే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర కనిపించగానే తెలుగువాళ్లెవరికైనా పోపుల పెట్టె గుర్తుకు రాక మానదు. ఖా పేరుకు గుర్తుగా మూల మీద చిహ్నం వేసిన నారబట్టలు మడతల మీద ఉన్నాయి. చాకలి దగ్గర బట్టలు కలిసిపోకుండా వేసిన గుర్తు కావచ్చునని నా ఊహ. మెరిత్ సవరం, అంటే అసలు తలవెంట్రుకలతో అల్లి ఉంగరాలు తిప్పిన విగ్గు, దాన్ని దాచుకున్న చెక్కపెట్టెతో సహా ఉంది. ఖా కొలతబద్దలు రెండున్నాయి. మొదటిది నిలువునా బంగారు రేకు తాపి, ఫారో రెండో అమెన్‌హోతెప్ పేరు చెక్కిన మూరకోల. రాజు బహూకరించినది కాబోలు, దానితో ఎవరూ ఏదీ కొలిచి ఉండరు. రెండోది మధ్యలో బందు పెట్టి సగానికి మడిచేలా చేసిన మామూలు చెక్క మూరకోల, దానికో తోలు సంచి. పనికి వెళ్లేటప్పుడు భుజాన తగిలించుకున్నది ఇదే అయి ఉంటుంది. ఈ రెండింటినీ చూస్తే ఆ మనిషి హోదా, అతని రోజువారీ పని రెండూ అర్థమవుతాయి.

మెరిత్ ముందే చనిపోయింది. ఆమె శవపేటిక అప్పటికి సిద్ధంగా లేకపోవడంతో భర్త కోసం చేయించి ఉంచినదానిలోనే ఆమెను పెట్టారు. అందుకే అది ఆమెకు బాగా వదులు, దాని మీద ఉన్న పేరు కూడా ఖాదే. ఇద్దరి మమ్మీల కట్లూ నేటివరకు విప్పలేదు, ఎక్స్‌రేలతోనే లోపల చూశారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఏడో నిజాం ఇచ్చిన ఒకే ఒక్క మమ్మీని చిన్నప్పుడు చూసిన మనలాంటివాళ్లం ఈజిప్టు అనగానే మమ్మీ కోసమే వెతుకుతాం. ఇక్కడ మాత్రం మమ్మీ కన్నా దాని పక్కనున్న మంచమూ దుప్పటీ ఎక్కువ మాట్లాడతాయి.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం కూడా చెప్పాలి. స్కియపరెల్లి మనుషులు ఆ సమాధిని మూడు రోజుల్లో ఖాళీ చేశారు. ఏ వస్తువు ఎక్కడ ఉందో చూపే పటాలు, ఫొటోలు చాలా తక్కువ, నివేదిక పుస్తకంగా వెలువడిందేమో ఇరవై ఏళ్ల తరువాత. అయినా, ఎక్కడివో చెప్పకుండా ద్రొవెత్తి మనుషులు పెట్టెల్లో కుక్కి పంపిన వస్తువుల పక్కన పెట్టి చూస్తే, అంతా కలిపి ఒకే గదిలో దొరికిందన్న ఆ ఒక్క సమాచారానికి ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

అలాగని ద్రొవెత్తి సేకరణను తీసిపారేయలేం, ఎందుకంటే పపైరస్ చుట్టలు, అంటే నీటి మొక్క కాడలతో చేసిన ఆనాటి కాగితపు చుట్టలు, చాలావరకు అతనివే. వాటిలో కొన్ని ఖా ఊరి నుంచే వచ్చాయి. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట జీతం కింద రావలసిన ధాన్యం అందక, సమాధుల పనివాళ్లు పని ఆపి వెళ్లి గుడి వెనక బైఠాయించిన సంగతి ఒకదానిలో ఉంది. ఆకలిదప్పులే తమను ఇక్కడికి తెచ్చాయని, ఒంటికి బట్ట, తలకు నూనె, తినడానికి చేప, కూర ఏవీ లేవని, ఈ మాట రాజుకు చేర్చమని వాళ్లు అధికారులకు చెప్పారు. చరిత్రలో లిఖితమైన తొలి సమ్మె ఇదే. మరో చుట్ట మీద ఎడారి లోయలోని బంగారు గనుల, రాతిగనుల పటం ఉంది. ఏ కొండ ఏ రాయిదో తెలిసేలా గులాబీ, నలుపు రంగులు వేశారు. పన్నుల లెక్కలు రాసిన కాగితాన్ని తిరగేసి వెనకవైపు రాసిన రాజుల జాబితా ఇంకొకటి. ఎవరు ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు ఏలారో అందులో లెక్క ఉంది. ముక్కలుముక్కలై పోయిన దానిలో రాజుల పేర్లను 1824లో గుర్తించినవాడు చిత్రలిపి గుట్టు విప్పిన షాంపోలియన్.

విగ్రహాల గది 2024లో కొత్తగా తీర్చిదిద్దారు. అంతకుముందు 2006 నుంచి అది నల్లటి గోడలు, అద్దాలు, నాటకాల వేదిక మీది వెలుగులతో ఉండేది. ఇప్పుడు మూసేసిన కిటికీలు తెరిచి, పాత భవనపు కమానులు కనిపించేలా చేసి, లేత రంగు లోహపు గోడల మధ్య విగ్రహాలను తక్కువ ఎత్తులో నిలబెట్టారు. మార్పు నాకు నచ్చింది. నల్లరాతి రెండో రామ్సెస్ విగ్రహం మీద వస్త్రపు కుచ్చెళ్లు పగటి వెలుగులో విడివిడిగా కనిపిస్తాయి. అతని కాళ్ల పక్కన బొమ్మలంత చిన్నగా భార్య, కొడుకు నిలబడి ఉన్నారు. సింహముఖపు సెఖ్మెత్ దేవత విగ్రహాలు 21 ఉన్నాయి గాని, నాలుగైదింటి తరువాత చూపు అలసిపోతుంది.

చివరగా ఎల్లెసియా గుడి. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోబోతున్న నూబియా కట్టడాలను కాపాడడంలో ఇటలీ సాయపడినందుకు, మూడో థుత్మోసిస్ కొండలో తొలిపించిన ఈ చిన్న గుడిని ఈజిప్టు 1966లో బహుమతిగా ఇచ్చింది. అమరావతి స్తూపపు శిల్పాలను లండన్ మ్యూజియంలో చూసి మనసు చివుక్కుమన్న తెలుగువాళ్లకు, ఒక సేకరణలోనే కొన్నదీ, తవ్వి పంచుకున్నదీ, ఇచ్చినదీ వేరువేరుగా చెప్పుకోవడం ఎంత అవసరమో తెలుసు. ఆ తేడాను ఈ మ్యూజియం దాచదు. వివరాలు ఇటాలియన్, ఇంగ్లిషు భాషలతో పాటు అరబ్బీలో కూడా రాయించడం మెచ్చుకోవలసిన పని. అరబ్బీ మాట్లాడేవారికి టికెట్టు మీద రాయితీ ఇచ్చినందుకు 2018లో రాజకీయ నాయకురాలు జార్జా మెలోని మ్యూజియం ముందుకు వచ్చి నిరసన తెలిపినా, డైరెక్టర్ క్రిస్తియన్ గ్రేకో వెనక్కి తగ్గలేదు.

నాలుగు గంటలు పెట్టుకోకుండా వెళ్లకండి, అందులో సగం ఖా గదికీ పపైరస్‌లకూ ఉంచుకోండి. చిన్నపిల్లలతో వెళ్లేవారు పైఅంతస్తులో త్వరగా కదిలి, వాళ్లకు ఓపిక ఉండగానే రొట్టెలు, మంచాలు, ఆటపలక ఉన్న సమాధి గదికి చేరుకోవడం మేలు. సోమవారం మధ్యాహ్నం రెండింటికే మూసేస్తారు కాబట్టి ఆ రోజు మాత్రం వద్దు.