ఎర్ర మందారం రంగు ఫొటోలో నిలవాలంటే: ఏడాదిగా వాడుతున్న ఓపెన్ కెమెరా యాప్ గురించి

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. మా మొక్కల్లో సగం వాట్సాప్‌లోనే అమ్ముడుపోతాయి, అంటే కొనేవాళ్లు మొక్కను చూడరు, ఫొటో చూసి డబ్బులు పంపుతారు. ఆకు మొక్కలతో ఏ గొడవా లేదు, తెల్ల పూలతో, పసుపు పూలతో కూడా పెద్దగా లేదు. గొడవంతా ఎరుపుతోనే. మందారం, నూరు వరహాలు, సీతమ్మవారి జడ, ఎర్ర గులాబీ, వీటిలో ఏది తీసినా కంటికి కనపడే రంగు వేరు, ఫోన్‌లో పడే రంగు వేరు.

కిందటేడాది కరీంనగర్ నుంచి ఒకావిడ ఆరు మందారం మొక్కలు తెప్పించుకున్నారు. మొదటి పువ్వు పూసిన రోజునే ఫోన్ చేశారు. "ఫొటోలో నారింజ కలిసిన ఎరుపు చూపించారండీ, ఇక్కడ ముదురు ఎరుపు పూసింది, మొక్కలు మార్చి పంపారు" అన్నారు. మేం మార్చలేదు, ఆ ఫొటోలో ఉన్న మొక్క కొమ్మల నుంచి కట్టిన అంట్లే అవి. కానీ ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకి మేం చూపించిన రంగు నిజంగానే వేరు. డబ్బులు వెనక్కి ఇచ్చేశాం. మర్నాడు పొద్దున్నే ఆ పాత ఫొటో తెరిచి, అదే చెట్టు పువ్వు పక్కన పెట్టి చూశాను. పువ్వు మీద రెక్క మొదలు నుంచి అంచు దాకా ఈనెలు తీరుగా కనపడుతున్నాయి, మడత పడ్డ చోట నీడ ఉంది, మొదట్లో ముదురు మచ్చ ఉంది. ఫొటోలో అవేవీ లేవు, ఎర్ర రంగు కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది. అప్పటి నుంచి దీని మీదే పడ్డాను, చివరికి నాకు పనికొచ్చింది ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్. ఆండ్రాయిడ్ ఫోన్లకే ఉంది, ఐఫోన్‌కి లేదు. యాప్‌లో యాడ్స్ ఉండవు, కోడ్ కూడా అందరికీ బాహాటంగానే పెట్టారు.

ముందు ఎరుపుతోనే ఎందుకిలా అవుతుందో చెప్పాలి, లేకపోతే ఈ యాప్ దేనికో అర్థం కాదు. కెమెరా సెన్సార్ మీద ఉండే చుక్కల్లో నాలుగింటిలో రెండు ఆకుపచ్చని, ఒకటి ఎరుపుని, ఒకటి నీలాన్ని పట్టుకుంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టిన అమరిక అది, 1976లో పేటెంట్ వచ్చింది, ఇప్పటికీ ఎక్కువ కెమెరాల్లో అదే. నిండైన ఎర్ర మందారాన్ని తీసినప్పుడు పని దాదాపు అంతా ఆ పావు వంతు ఎర్ర చుక్కల మీదే పడుతుంది. దానికి తోడు వెలుగుని లెక్కకట్టేటప్పుడు ఎరుపుకి సుమారు 21 శాతం, ఆకుపచ్చకి 72 శాతం వంతు ఇస్తారు, మన కన్ను వెలుగుని చూసే తీరు కూడా అదే కాబట్టి. అందుకని ఎర్ర పువ్వు కెమెరా లెక్కలో చీకటిగా తేలుతుంది. చీకటిగా ఉంది కదా అని కెమెరా తనంతట తాను వెలుగు పెంచుతుంది. ఎరుపు అప్పటికే అంచు దాకా వచ్చిన కుండ, ఇంకాస్త పోస్తే పొర్లుతుంది. ఫొటోలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకానే అంకెలు ఉంటాయి, ఎరుపు 255 దగ్గర ఆగిపోతే ఈనెకీ, దాని పక్కన ఉన్న రెక్కకీ ఒకే అంకె పడుతుంది, ఇంక తేడా ఎక్కడ కనపడుతుంది. పైగా ఎరుపు ఆగిపోయినా ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, అందుకే ఎరుపు నారింజలోకి జారుతుంది. కరీంనగర్ ఆవిడ చూసిన నారింజ అదే.

ఓపెన్ కెమెరాలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది తెర మీద కనపడే హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో ఎడమ వైపు చీకటి నుంచి కుడి వైపు వెలుగు దాకా ఏది ఎంతుందో చూపించే గ్రాఫ్. ఇందులో వెలుగుదొక్కటే కాకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గీతలూ విడివిడిగా చూపించే ఆర్‌జీబీ రకం ఎంచుకోవచ్చు. ఎర్ర పూలకి అదే పెట్టుకోవాలి. వెలుగు హిస్టోగ్రామ్ మాత్రమే చూస్తే అంతా మధ్యలో బాగానే ఉన్నట్టు కనపడుతుంది, లోపల ఎరుపు ఒక్కటీ కుడి గోడకి కొట్టుకుని ఉంటుంది. పువ్వు మీద ఫోకస్ పెట్టి, ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటోకి అందే వెలుగుని, ఎర్ర గీత కుడి గోడని వదిలే వరకు తగ్గిస్తాను. మా నాటు ఎర్ర మందారానికి మామూలుగా -0.7 నుంచి -1.3 మధ్యలో కుదురుతుంది, వెనక ముదురు ఆకులు ఎక్కువగా ఉంటే ఇంకా తగ్గించాలి. ఫొటో తీసేటప్పుడు తెర మీద కాస్త చీకటిగా కనపడుతుంది, కంగారు పడక్కర్లేదు, చీకటిని తర్వాత లేపుకోవచ్చు, పొర్లిపోయిన ఎరుపుని మాత్రం ఏం చేసినా వెనక్కి తేలేం. జీబ్రా గీతలు కూడా ఉన్నాయి, వెలుగు మితిమీరిన చోట తెర మీద చారలు వస్తాయి, ఎండలో హిస్టోగ్రామ్ సరిగా కనపడనప్పుడు అవే దిక్కు.

రెండోది రా ఫైల్, అంటే ఫోన్ తన మెరుగులేవీ దిద్దకుండా సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే ఫొటో. సెట్టింగ్స్‌లో కెమెరా ఏపీఐ అనే దాన్ని కెమెరా2కి మార్చితే, ఫోన్ ఒప్పుకుంటే, రా తీసే ఆప్షన్ వస్తుంది, ఆ ఫొటో డీఎన్‌జీ అనే రకం ఫైల్‌గా ఉంటుంది. ఇది అన్ని ఫోన్లలో రాదు, మా తమ్ముడి ఫోన్‌లో ఆ ఆప్షనే కనపడలేదు. నా ఫోన్‌లో 12 మెగాపిక్సెల్ ఫొటోకి ఒక్కోటి 24 ఎంబీ దాకా ఉంటుంది, మెమరీ ఇట్టే నిండిపోతుంది, కాబట్టి అమ్మకానికి పెట్టే పూలకి మాత్రమే రా తీస్తాను. తేడా ఎంతంటే, సీతమ్మవారి జడ పువ్వుని రెండు రకాలుగానూ తీసి దగ్గరగా పెంచి చూశాను. ఫోన్ మామూలుగా దాచే జేపెగ్ ఫొటోలో ముఖమల్ ముద్ద కరిగిన మైనంలా ఉంది. రాలో మడతల మీది సన్నటి నూగు కూడా విడివిడిగా తెలుస్తోంది. దీనికో కారణం జేపెగ్ తీరే. అందులో వెలుగుని ప్రతి చుక్కకీ విడిగా దాచుకుని, రంగుని మాత్రం చాలాసార్లు నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాస్తారు. తెల్ల పువ్వులో వివరమంతా వెలుగులో ఉంటుంది కాబట్టి నష్టం తెలియదు, ఎర్ర పువ్వులో వివరం ఎక్కువగా రంగులోనే ఉంటుంది, అది కలిసిపోతుంది. ఫోన్ సొంత కెమెరా దీనికి తోడు రంగుని చిక్కబరుస్తుంది, నున్నగా చేస్తుంది, ఎర్ర పువ్వుకి ఆ రెండూ పనికిరావు.

డీఎన్‌జీని నేను స్నాప్‌సీడ్ అనే ఫొటోలు దిద్దే యాప్‌లో తెరుస్తాను. అక్కడ చేసేది చాలా తక్కువ, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగుల సర్దుబాటు) సరిచేయడం, సాచురేషన్ (రంగు చిక్కదనం) కాస్త తగ్గించడం, నీడలు కొద్దిగా లేపడం. ఎరుపుని పెంచాలని చెయ్యి లాగుతుంది, పెంచకూడదు.

వైట్ బ్యాలెన్స్ గురించి నర్సరీ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర మొక్కలన్నీ ఆకుపచ్చ షేడ్ నెట్ కింద ఉంటాయి. ఆ నెట్ కింద పడే వెలుగు పచ్చగా ఉంటుంది, ఆ వెలుగులో ఎరుపు గోధుమ రంగుకి తిరుగుతుంది, తెల్ల చొక్కా వేసుకుని నెట్ కిందకి వెళ్లి చూసుకుంటే తెలుస్తుంది. ఏ యాప్ వాడినా అక్కడ తీసిన ఎరుపు పూర్తిగా సరి కాదు. కుండీ బయటికి తెచ్చి, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు, పల్చటి మబ్బు ఉంటే మరీ మంచిది, అప్పుడు తీయాలి. మందారం ఎలాగూ ఒక్క రోజు పువ్వు, సాయంత్రానికి ముడుచుకుంటుంది కాబట్టి ఆలస్యం చేస్తే ఆ రోజు పోయినట్టే. ఎండ ముదిరితే మా బాబాయి పాత తెల్ల పంచె రెండు కొసలూ పట్టుకుని పువ్వు పైన నీడ పడుతుంటాడు. పంచె తెల్లగా ఉండాలి, ఒకసారి చేతికి అందిందని లేత పసుపు చీర పట్టాం, ఆ రోజు తీసిన ఫొటోలన్నీ తీసేయాల్సి వచ్చింది. పువ్వు పక్కన తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫొటో తీసుకుంటే, తర్వాత స్నాప్‌సీడ్‌లో ఆ కాగితం మీద చుక్క పెట్టి రంగు సరిచేసుకుని, మిగతా ఫొటోలకీ అదే వాడొచ్చు. ఓపెన్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ని చేత్తో కెల్విన్‌లో, అంటే వెలుగు రంగుని కొలిచే అంకెల్లో, కూడా పెట్టుకోవచ్చు. నేను మబ్బు రోజు 6500 దగ్గర పెట్టి కదపను, లేకపోతే ఆటోలో పువ్వు దగ్గరికి వెళ్లే కొద్దీ రంగు మారిపోతూ ఉంటుంది.

లోపాలు ఉన్నాయి. యాప్ చూడ్డానికి పాతకాలం నాటిది, బటన్లు చిన్నవి, తడి చేత్తో నొక్కితే ఇంకోటి తగులుతుంది. సెట్టింగ్స్ చాలా ఉన్నాయి, మొదటి వారం రోజులు ఏది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చీకట్లో ఫోన్ సొంత కెమెరా తీసినంత బాగా ఇది తీయదు. ముఖ్యంగా దాదాపు నల్లగా ఉండే ముదురు గులాబీకి నాకు ఇంకా తృప్తిగా కుదరలేదు. ఎరుపు పొర్లకుండా ఉంటుంది కానీ నీడల్లో మరకలు వస్తున్నాయి.

ఇంత చేసినా కొనేవాళ్ల ఫోన్ స్క్రీన్ రంగుల్ని చిక్కగా చూపించే వివిడ్ మోడ్‌లో ఉంటే మళ్లీ రంగు మారుతుంది, అందుకే ఇప్పుడు ఎర్ర పూల ఫొటో పంపేటప్పుడు వాట్సాప్ దాన్ని కుదించకుండా డాక్యుమెంట్‌గా పంపి, స్క్రీన్ నేచురల్‌లో పెట్టి చూడమని రాస్తున్నాం. పక్కనే పండిన మిరపకాయ పెట్టి తీసిన ఫొటో కూడా ఒకటి పంపుతున్నాం, మిరపకాయ ఎరుపు అందరి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి వాళ్లే పోల్చి చూసుకుంటున్నారు. ఈ పద్ధతి మొదలుపెట్టాక మందారం రంగు తేడా అని మాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. కరీంనగర్ ఆవిడకి కూడా కొత్త ఫొటో పంపాను, "ఇదీ, ఇదే మా పెరట్లో పూస్తోంది" అని తిరిగి మెసేజ్ పెట్టి, ఈసారి నూరు వరహాలు నాలుగు అడిగారు.