నల్ల మిషను, ఒక నూనె బుడ్డి: ఇరవై ఏళ్ల వాడకం తరవాత

2004లో మా అమ్మ కాకినాడలో కొనిచ్చిన, కాలితో తొక్కే కుట్టు మిషను ఇది. నల్లటి తల, దానిమీద బంగారు రంగు పువ్వులు, కింద ఇనప స్టాండు. పువ్వులు చేతి కింద అరిగిపోయి ఇప్పుడు ఆకులు మాత్రమే మిగిలాయి. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు. మన దగ్గర ఇళ్లల్లో కనిపించే ఈ నల్ల మిషన్లు చాలావరకు సింగర్ వాళ్ల పాత 15 నంబరు మిషను పోలికతో వచ్చినవే. అందుకే కింది దారం చుట్టే బాబిన్, దాన్ని పెట్టే బాబిన్ డబ్బీ, పైదారాన్ని దానిచుట్టూ తిప్పి కుట్టు వేసే షటిల్ ఏ ఊళ్లో అడిగినా దొరుకుతాయి. ఇరవై ఏళ్ల తరవాత కూడా నా మిషను బతికి ఉండడానికి సగం కారణం అదే.

నేను టైలర్ని కాదు. ఇంట్లోవాళ్ల బ్లౌజులు, పాప గౌన్లు, చుట్టుపక్కల వాళ్ల చీరలకు ఫాల్స్ కుడతాను. శ్రావణమాసం వస్తే మాత్రం రోజుకు మూడు బ్లౌజులు తప్పవు. ఈ లెక్కలో ఇది బాగానే నలిగిన మిషను. ఇన్నేళ్లలో "ఇక పోయింది" అని నేను చేతులెత్తేసిన సందర్భాలు ఏడెనిమిది ఉంటాయి. వాటిలో నిజంగా ముక్క విరిగింది ఒక్కసారే. మిగతావన్నీ దుమ్ము, నూనె, సూది.

మొదటిది కొబ్బరినూనె కథ. పెళ్లయి వరంగల్ వచ్చిన కొత్తలో మిషను నూనె అయిపోయింది. నేను పుట్టింటికి వెళ్లినప్పుడు మా అత్తమ్మ ఏదో గలీబు కుట్టబోయి, కిర్రుకిర్రుమంటోందని నూనె వేసే చిల్లులన్నింట్లో కొబ్బరినూనె పోసింది. "నూనె నూనెనే గదా బిడ్డా, తలకు పెట్టుకునేది దీనికెందుకు పనికిరాదు?" అంది. వారం రోజులు పట్టుతాడులా తిరిగిందట. డిసెంబరులో ఒక పొద్దున కూర్చుని పెడల్ తొక్కితే చక్రం కదల్లేదు. రెండు చేతులతో తిప్పితే ముద్దలో గరిటె తిప్పినట్టు కదిలింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, వరంగల్ చలికాలం పొద్దున అంతకన్నా బాగా దిగుతుంది. అదైనా ఎండెక్కితే కరుగుతుంది, అసలు తంటా వేరే ఉంది. వంటనూనెలు చాలావరకు గాలి తగిలి నెలలు గడిచేసరికి బంకవుతాయి. ఎడమ పక్క రేకు విప్పి చూస్తే సూది కడ్డీ మీద తేనె రంగు జిగురు, దానికి అంటుకుని దారప్పోగులు.

అప్పట్లో ఇంట్లో కిరోసిన్ ఉండేది. పొయ్యికి దూరంగా, వరండాలో పెట్టుకుని ప్రతి చిల్లులో రెండు మూడు చుక్కలు వేశాను. దారం తీసేసి, సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే ఇనప పాదం పైకెత్తి, ఖాళీగా పది నిమిషాలు తొక్కాను. పాదం ఎత్తడం మరిచిపోకూడదు, కింద గుడ్డ లేకపోతే గుడ్డను ముందుకు నెట్టే పళ్లు పాదాన్ని గీరేస్తాయి. కిందికి కారిన గోధుమరంగు నీళ్లు తుడిచి, మళ్లీ కిరోసిన్, మళ్లీ తొక్కుడు. మూడో విడతకు చక్రం ఒక్క వేలితో తిరిగింది. అక్కడితో ఆపితే లాభం లేదు. కిరోసిన్ కడుగుతుందే కానీ నూనెలా పనిచేయదు, ఆరిపోయాక ఇనుము ఇనుమును తింటుంది. అందుకని పూర్తిగా తుడిచి, అన్నిచోట్లా అసలు మిషను నూనె వేశాను. నీళ్లలా పల్చగా, రంగు లేకుండా ఉంటుందే, అదే. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఇలాంటివే: బిగిసిన మరను వదులుచేస్తాయి తప్ప నూనెకు బదులు కావు.

నూనె వేయడానికి నాకొక లెక్క ఉంది. రోజూ కుట్టే నెలల్లో వారానికోసారి, లేకపోతే నెలకోసారి. ఒక్కో చిల్లుకు ఒక్క చుక్క, షటిల్ తిరిగే గాడిలో ఒక చుక్క. తలను వెనక్కి వాల్చి కింద ఇనుము మీద ఇనుము కదిలే చోటల్లా ఒక్కో చుక్క. చాలామంది మరిచేది స్టాండు. పెడల్ ఇరుసులు, పెద్ద చక్రానికి కలిపే కడ్డీ రెండు చివర్లూ. మోకాళ్లు నొప్పులని మిషను మానేసినవాళ్లలో కొందరికి నొప్పి మోకాళ్లలో కాదు, ఆ కడ్డీలోనే ఉంటుంది. నూనె వేశాక పాత గుడ్డ మీద కాసేపు కుట్టి, రాత్రికి పాదం కింద ఒక మడత గుడ్డ పెట్టి వదిలేస్తాను. ఒకసారి ఇదంతా చేయకుండా తెల్ల పట్టు బ్లౌజు మీదికి దిగాను, సూది పక్కన బఠాణీ గింజంత మరక. ముఖానికి రాసే పౌడరు దట్టంగా వేసి రాత్రంతా ఉంచితే చాలావరకు పీల్చింది. పూర్తిగా పోయిందని మాత్రం ఆ బ్లౌజు ఆవిడకు చెప్పలేదు.

ఇక దుమ్ము. సూది కింద ప్లేటుకు రెండే మరలు. అవి విప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది, ఎవరూ చెప్పలేదు కాబట్టి. గుడ్డ సరిగా ముందుకు పోవడం లేదని, కుట్లు ఒకచోటే కుప్పపడుతున్నాయని ఒకరోజు విప్పాను. పళ్ల వరసల మధ్య బూడిదరంగు పట్టీ ఒకటి, బిళ్లకట్టిన దూది. స్క్రూడ్రైవరు మొనతో లేపితే పళ్ల అచ్చులతో సహా ఒకే ముక్కగా ఊడొచ్చింది. కట్టుడు పళ్ల సెట్టులా ఉందని మా ఆయన నవ్వారు. అది నిండిపోతే పళ్లు పైకి లేచినా గుడ్డను పట్టవు. ఇప్పుడు పాత టూత్‌బ్రష్‌తో రెండు వారాలకోసారి దులుపుతాను. నోటితో ఊదను. ఊదితే దుమ్ము బయటికి రాకపోగా లోపలికి పోతుంది, నోటి తడి కూడా తగులుతుంది. జరీ చీరల పని చేసిన రోజైతే ఆ రాత్రే విప్పాలి, జరీ తునకలు షటిల్ గాడిలో చేరి గీతలు పెడతాయి.

షటిల్ తీయడం చూడ్డానికే భయం, చేస్తే ఏమీ లేదు. సూదిని పూర్తిగా పైకి తెచ్చి, బాబిన్ డబ్బీ తీసి, రెండు పక్కలా ఉన్న చెవులు తిప్పితే మూత రింగు ఊడుతుంది, దాని వెంట అర్ధచంద్రాకారం షటిల్ చేతికొస్తుంది. చక్రం హఠాత్తుగా బిగుసుకుపోతే పదింట తొమ్మిదిసార్లు ఈ షటిల్ వెనకాల దారం ముక్క ఇరుక్కుని ఉంటుంది. బలంగా తిప్పి విడిపిద్దామనుకుంటే సూది విరుగుతుంది.

కింద ఉచ్చులు పడడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దానికి నేను డబ్బు తగలేశాను. గుడ్డ కింద ఉచ్చులు పడితే అందరం కింది దారాన్ని తిడతాం. తప్పు ఎక్కువగా పైదారంది: అది వదులైతేనే కిందికి జారి ఉచ్చులవుతుంది. పైన ఉచ్చులు కనిపిస్తే అప్పుడు బాబిన్ డబ్బీని అనుమానించాలి. ఒకసారి నాకు పైనే పడుతున్నాయి. రిపేరుకు వచ్చినతను చూసీ చూడగానే "షటిల్ పోయిందమ్మా" అని కొత్తది వేసి 650 తీసుకున్నాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలు. కోపంతో డబ్బీ చేతిలోకి తీసుకుని దారం కొస పట్టుకుని వేలాడదీశాను. సరిగ్గా ఉంటే డబ్బీ అలా ఆగాలి, చేతిని చిన్నగా కుదిపితే ఒక అంగుళం జారి మళ్లీ ఆగాలి. నాది బావిలో బొక్కెనలా జర్రున దిగిపోయింది. డబ్బీ పక్కనున్న సన్నటి రేకు స్ప్రింగు కింద పెళ్లిపత్రిక అట్టమూల ఒకటి దూర్చి లాగితే, నువ్వుగింజలో సగం లేని నల్లటి దారపు నలుసు వచ్చింది. అంతే. షటిల్‌కు ఏ రోగమూ లేదు. ఆ పాతది ఇప్పటికీ డబ్బాలో దాచాను. ఆ స్ప్రింగు మర ముట్టుకోవాల్సి వస్తే పావు చుట్టుకు మించి తిప్పొద్దు, కింద తెల్ల తువ్వాలు పరుచుకోండి. జారిపడితే ఆవగింజను వెతికినట్టే.

పైన టెన్షన్ బిళ్లల (పైదారాన్ని బిగువుగా పట్టే రెండు రేకు బిళ్లలు) మధ్య కూడా ఇలాగే దుమ్ము చేరుతుంది. పాదం ఎత్తితే ఆ బిళ్లలు విడతాయి, అప్పుడు సన్నటి నూలుగుడ్డ అంచు వాటి మధ్య పెట్టి అటూ ఇటూ లాగాలి. దారం ఎక్కించేటప్పుడూ పాదం ఎత్తే ఉండాలి, దించి ఎక్కిస్తే దారం బిళ్లల మధ్యకు దిగకుండా పైనే ఉండిపోతుంది. టెన్షన్ నెంబరు తిప్పడం చివర చేయాల్సిన పని. మా ఆడపడుచు మొదట అదే చేస్తుంది, తరవాత నాకు ఫోన్ చేస్తుంది.

సూది గురించి నా పిసినారితనం ఒప్పుకోవాలి. విరిగేదాకా మార్చేదాన్ని కాదు. మగ్గం పని బ్లౌజు ఒకటి కుట్టినప్పుడు పూస మీద పడి మొన వంగింది, కంటికి కనిపించలేదు. పక్క రోజు క్రేప్ గుడ్డ మీద పోగులు లాగేసింది. ఇప్పుడు మొనను గోటి మీద మెల్లగా జార్చి చూస్తాను, గీత పడితే పారేస్తాను. నాలుగైదు బ్లౌజులకొకటి మారుస్తాను. పల్చటి పట్టుకు 11 నంబరు, లైనింగ్ బ్లౌజుకు 14, జీన్స్ అంచుకు 16. పొట్లం మీద 14 పక్కన 90 అని ఉంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లని. ఇంటి మిషను సూది తల ఒక పక్క చదునుగా ఉంటుంది, టైలర్ల పెద్ద మోటారు మిషన్ల సూది తల గుండ్రం. కొట్టువాడు పొరపాటున అది ఇస్తే కుట్లు తప్పుతాయి. చదును పక్కకు ఎదురు పక్క పొడుగు గాడి ఉంటుంది, దారం ఎప్పుడూ ఆ గాడి వైపు నుంచే ఎక్కాలి.

ఉత్సాహం ఎక్కువై చేసిన పాడు పని కూడా ఉంది. చేతి చక్రం మధ్యలో పెద్ద మర ఉంటుందే, బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసేది, దాన్నీ విప్పి తుడిచాను. తిరిగి బిగిస్తే ఎంత తిప్పినా చక్రం ఒక్కటే తిరుగుతోంది, సూది కదలదు. లోపల ఒక రేకు బిళ్ల ఉంటుంది, మధ్యలోకి రెండు చెవులు, బయటికి మూడు కొమ్ములు. దాన్ని అరచుట్టు మార్చి పెడితే పట్టింది. ఆ సంగతి తెలియడానికి ఒక ఆదివారమంతా పోయింది, మధ్యాహ్నం వంట కూడా లేదు.

తోలు బెల్టు సాగినప్పుడల్లా పావంగుళం కోసి కొక్కెం మళ్లీ వేస్తాను. 2015లో చిన్న మోటారు బిగించాను. మోటారులో నూనె వేయకూడదు, బెల్టుకు నూనె తగిలితే జారుతుంది. మొదట్లో చెప్పిన ఆ ఒక్క విరిగిన ముక్క ఈ నల్ల మిషనుది కాదని ఒప్పుకోవాలి: పికో (చీర అంచుకు వేసే సన్నటి కుట్టు) కోసం కొన్న తెల్ల జిగ్‌జాగ్ మిషనుది. ఐదో ఏట లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం పగిలింది, ముక్క తెప్పించడానికి నెలన్నర. పికో చక్కగా వేస్తుంది, శబ్దం తక్కువ, తేలిక. కానీ దాని లోపలికి నన్ను రానివ్వదు, పుస్తకంలో కూడా షటిల్ చోటు శుభ్రం చేయడం తప్ప వేరే ఏదీ విప్పొద్దనే ఉంది. వాటికి నల్ల మిషను అలవాటుతో కనిపించిన చిల్లులో నూనె పోయకండి. రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే నల్లదే ఉంచుకుంటాను. బరువు మాత్రం భరించలేం. ఇల్లు మారిన ప్రతిసారీ ఇద్దరు మనుషులు కావాలి, తిట్లు అదనం.

దసరాకు ఆయుధపూజ చేసేవాళ్లకు ఒక్క మాట. ఏటా మేమూ మిషను తుడిచి బొట్టు పెడతాం. తల పైన పెట్టిన పసుపు కుంకుమ నేరుగా నూనె చిల్లులోకి రాలుతుంది, నూనెతో కలిసి ముద్దవుతుంది. ఓ ఏడాది సూది కడ్డీ దగ్గర ఎర్రటి బురద తీశాను. ఇప్పుడు బొట్టు స్టాండుకు పెడుతున్నాం, అమ్మవారు ఏమీ అనుకోలేదు. కాకినాడలో మా అమ్మ మిషనుకు వేరే బాధ, సముద్రపు గాలికి బాబిన్లు తుప్పుపట్టి తెల్లదారానికి మచ్చలు పడతాయి. బియ్యప్పిండి డబ్బా లాంటి మూత గట్టి డబ్బాలో వేసుకోమన్నాను. వేసుకుంది, బియ్యప్పిండి తీయకుండానే.

ఇప్పుడు నా మిషనులో బాబిన్ చుట్టే చోట రబ్బరు రింగు అరిగి, దారం వదులుగా చుట్టుకుంటోంది. పదో ఇరవయ్యో పెడితే వస్తుంది. శ్రావణం లోపు బజారుకెళ్లి రెండు తెచ్చుకోవాలి.