గ్లెన్‌వుడ్ కొండ మీద పార్క్ టికెట్లు ఆ మనిషి దగ్గర కొనకండి

నిన్న కొలరాడోలోని గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌లో కొండ మీదున్న గుహల అమ్యూజ్‌మెంట్ పార్క్‌కి వెళ్ళి, రాత్రి ఇంటికి వచ్చేసరికి పదకొండు. ఒళ్ళు మండిపోతోంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

ఎవరి గురించో డెన్వర్ తెలుగువాళ్ళలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అదే, ప్రతి అక్టోబర్‌లో "బాబుకి జ్వరం, వెళ్ళలేకపోతున్నాం, నాలుగు టికెట్లు సగం ధరకే" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టే పెద్దమనిషి. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) 120 డాలర్లు పంపాను. పార్క్ వెబ్‌సైట్‌లోనే కొందామని మా ఆవిడ చెప్పింది. "మనవాడే కదా" అన్నాను. ఆ మాట ఇప్పుడు ఇంట్లో గంటకోసారి వినిపిస్తోంది.

డెన్వర్ నుంచి దాదాపు 160 మైళ్ళు. పులిహోర డబ్బా, వెనక సీట్లో హాలోవీన్ కోసం గుమ్మడికాయ వేషంలో మా ఐదేళ్ళ పాప. ఆ గుండ్రటి డ్రెస్ మీద సీట్ బెల్ట్ పట్టక దారిలో రెండుసార్లు ఆపాం. కొండ మీదకి తీసుకెళ్ళే గొండోలా (కేబుల్ కారు) దగ్గర గంటసేపు లైన్లో నిలబడ్డాక ఫోన్ చూపిస్తే స్కానర్ ఒక్కసారి బుర్రుమంది. ఎర్ర లైట్. ఈ నాలుగూ పొద్దున్నే వాడేశారని టికెట్లు స్కాన్ చేసే అమ్మాయి మెల్లగా చెప్పింది. వెనక వాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. పాప బుగ్గల మీద నారింజ రంగు కారడం మొదలైంది.

పక్కకొచ్చి అతనికి ఫోన్ చేశాను. నేనన్నది ఒక్కటే: "బ్రదర్, టికెట్లు స్కాన్ కావట్లేదు." వెంటనే, "నేనెవరికీ రెండోసారి అమ్మలేదన్నా!" అన్నాడు. రెండోసారి అమ్మావని నేనెప్పుడన్నాను? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం పుస్తకాల్లో చదివాను, పక్కన గుమ్మడికాయను నిలబెట్టుకుని మరీ వినడం ఇదే మొదటిసారి. డబ్బు తిరిగివ్వమంటే, "సగం ధరకి కొనేటప్పుడు ఆలోచించుకోవాలి" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. చెప్పానుగా, మనవాడే.

పాప ముఖం చూసి కౌంటర్లో పూర్తి ధరకి కొన్నాం. పైన గుమ్మడికాయలు, అస్థిపంజరాలు, దూరంగా పసుపు రంగుకి మారిన చెట్లు, అన్నీ బాగానే ఉన్నాయి. పార్క్ వాళ్ళని ఒక్క మాట అనను. కొలరాడో నది మీద 1,300 అడుగుల ఎత్తున ఊగే ఆ ఊయలలో అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను 120 డాలర్లని తలుచుకున్నాను. ఆ గుహల్లో 1897లోనే కరెంటు దీపాలు పెట్టారట. నా బుర్రలో మాత్రం ఇప్పటిదాకా వెలగలేదు.

బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే పంపారు కదా, మేమేం చేయలేం అన్నారు. జెల్ అంటే చేతికి నగదు ఇచ్చినట్టే. బార్‌కోడ్ ఎంతమందికైనా పంపొచ్చు, మొదట స్కాన్ చేసినవాడిదే లోపలికి దారి. కొనాలంటే పార్క్ దగ్గరే కొనండి.

ఇది రాస్తుండగానే ఒక ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపాడు. వచ్చే శనివారానికి నాలుగు టికెట్లట, సగం ధరకే. బాబుకి మళ్ళీ జ్వరమట.