ఆరుబయట బొమ్మలు వేయడానికి ఏ రంగులు మేలు?

చిన్నప్పుడు ఇష్టంగా బొమ్మలు వేసి, చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ పడి కుంచె వదిలేసినవారు, నడివయసులో మళ్ళీ దాన్ని పట్టుకోవడానికి సంకోచిస్తారు. అంత సంకోచం అక్కరలేదు. విన్‌స్టన్ చర్చిల్ 1915లో, నౌకాదళ మంత్రి పదవి పోయి దిగులుతో ఉన్న రోజుల్లో, నలభయ్యేళ్ల వయసులో బొమ్మలు వేయడం మొదలుపెట్టి, తరువాతి దశాబ్దాలన్నిటా ప్రకృతి దృశ్యాలు చిత్రిస్తూనే వచ్చారు. నేను ఇరవయ్యేళ్ల ఎడం తరువాత మొదలుపెట్టాను. గదిలో కూర్చుని వేసినంతకాలం ఏ రంగులైనా ఒకటేననిపించింది కానీ, ఒక చెట్టు ఎదుట కూర్చున్న మొదటి ఉదయమే ఆ అభిప్రాయం మారిపోయింది.

ఆరుబయట అసలు చిక్కు సామాను బరువుతో కాదు, కదిలిపోయే వెలుగుతో. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు కాబట్టి, రెండు గంటలు కూర్చుంటే మనం మొదట గీసుకున్న నీడ అక్కడ ఉండదు. 1890–91లో గడ్డివాములను చిత్రించిన ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మొనే, వెలుగు మారినప్పుడల్లా కాన్వాస్ మార్చి, అదే వెలుగు తిరిగి వచ్చినప్పుడు పాతదాన్ని అందుకునేవారు. ఒక్క కాగితంతో, సెలవు రోజున దొరికిన ఒక్క పూటతో బయలుదేరే మనకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఏ రంగు ఎంత త్వరగా పని జరగనిస్తుంది, పొరపాటు పడితే ఎంతవరకు దిద్దుకోనిస్తుంది అన్న రెండు ప్రశ్నలతోనే వీటిని పోల్చాలని నా అభిప్రాయం.

కొత్తవారికి అందరూ ముందుగా చెప్పేది నీటిరంగులు. చిన్న డబ్బా, రెండు కుంచెలు, నీళ్ళ సీసా, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం ఉంటే చాలు, అరగంటలో బొమ్మ పూర్తిచేసి లేవవచ్చు. పొగమంచునూ మబ్బులనూ పట్టుకోవడంలో వీటికి సాటి లేదు. అయితే ఇందులో తెలుపంటే కాగితమే కాబట్టి, ఆకుల సందుల్లోంచి కనిపించే ఆకాశపు తునకలను మొదటి నుంచే ఖాళీగా వదిలిపెట్టాలి. ఒక్కసారి ముదురాకుపచ్చ పరుచుకున్నాక ఆ వెలుగును తిరిగి తేవడం దాదాపు అసాధ్యం. ఆకాశం సగం ఆరిన దశలో కుంచె కొసనుంచి ఒక్క నీటిచుక్క జారినా, అది చుట్టూ ఉన్న రంగును బయటికి నెట్టి, అంచులు కుచ్చులుదేరిన మరకగా మిగిలిపోతుంది. చేయి తిరిగినవారు ఆ మరకనూ మబ్బుగా మలచుకుంటారు గానీ, ఏళ్ల తరబడి కుంచె ముట్టనివారికి వరుసగా మూడు కాగితాలు పాడైతే మానేయాలనిపిస్తుంది. తేలిక కదా అని వీటినే మొదట అంటగట్టడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

తైలవర్ణాలు ఇందుకు పూర్తిగా భిన్నం. తడిలో ఉన్న రంగే ఆరాకా దాదాపు అలాగే ఉంటుంది, తప్పు పడితే కత్తితో గీకేసి మళ్ళీ వేయవచ్చు, ఆకాశపు తునకలను చెట్టు పూర్తయ్యాకే పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఈ రంగులను పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంట్ పొందాక వాటిని పొలాలకూ ఏటిగట్లకూ మోసుకుపోవడం సులువైంది. అంతకు ముందే, 1821–22లో, ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ కాగితాలపై తైలవర్ణాలతో మబ్బులను చిత్రించి, వెనకవైపు తేదీ, వేళ, గాలి వాటం రాసుకున్నారు. అంటే సౌకర్యం కంటే పట్టుదలే ముందు నడిచిందన్నమాట. చిక్కంతా ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మొదలవుతుంది. తడి బొమ్మను దేనికీ తగలకుండా తేవాలి, అది ఆరడానికి రోజులు పడుతుంది, రంగును పల్చన చేసే టర్పెంటైన్ వాసనకు గాలి ఆడే చోటు కావాలి. ఈ రంగుల్లో ఉండే అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, వాటిని విప్పి పరిచి ఆరబెట్టడమో, మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్ళలో ముంచి ఉంచడమో చేయాలి.

నీళ్ళతో కలిపి వాడే, ఆరాక ప్లాస్టిక్ పొరలా గట్టిపడే అక్రిలిక్ రంగుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గదిలో చక్కగా ఉపయోగపడతాయి గానీ, ఎండలో, గాలిలో పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీదే నిమిషాల్లో పొరకట్టి, కుంచెను కూడా బిగుసుకుపోయేలా చేస్తాయి.

ఇక మిగిలింది గువాష్, అంటే కింది రంగును కప్పేసే నీటిరంగు. మళ్ళీ మొదలుపెట్టేవారికి నేను దీన్నే మొదట సూచిస్తాను. సామాను నీటిరంగులంతే, దిద్దుబాటు మాత్రం తైలవర్ణాలకు దగ్గర. చెట్టును ముందుగా ఒకే ముదురు ముద్దగా వేసి, అయిదు నిమిషాల్లో అది ఆరాక ఆకాశపు తునకలను పైనుంచి అద్దవచ్చు. ఆ తునకల రంగు బయటి ఆకాశం కంటే కాస్త ముదురుగా ఉండాలన్న సంగతి నాకు ఈ రంగులతోనే తెలిసింది. లేతగా పెట్టినప్పుడల్లా అవి చెట్టుకు అతికించిన కాగితపు ముక్కల్లా కనిపించేవి. లోపాలు దీనికీ ఉన్నాయి. లేత రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి, ముదురువి కొంచెం వెలిసినట్టవుతాయి. పైపూతలో నీళ్ళెక్కువైతే కింది పొర కరిగి కలిసిపోతుంది. మరీ మందంగా పూస్తే పగుళ్లిస్తుంది. పక్కన ఒక చీటీ మీద రంగు అద్ది, ఆరనిచ్చి చూసుకుంటే మొదటి చిక్కు చాలావరకు తీరుతుంది.

అరగంటకు మించి తీరిక దొరకనివారికి, పొరపాటుకు జంకనివారికి నీటిరంగులే తగినవి. రెండు గంటల తీరిక, ఇంట్లో గాలి ఆడే ఒక మూల ఉన్నవారు ఏడాది తరువాత తైలవర్ణాలకు మారితే మంచిది. ఏది ఎంచుకున్నా మొదట్లో పోస్టుకార్డును మించిన కొలత పెట్టుకోకండి, నీడ పట్టునే కూర్చోండి. ఎండ నేరుగా కాగితం మీద పడుతుంటే ప్రతి రంగూ ఉన్నదానికంటే లేతగా కనిపించి చేయి ముదురువైపు పోతుంది, ఇంటికి తెచ్చి చూసుకుంటే మిట్టమధ్యాహ్నపు బొమ్మ మునిమాపు బొమ్మలా ఉంటుంది.