పన్నెండేళ్లు తోలిన థార్ ఫోర్ బై ఫోర్‌ని సొంతంగా అమ్మాను

2012లో కొన్న మా మహీంద్రా జీపు, నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే థార్ సీఆర్‌డీఈ ఫోర్ బై ఫోర్‌ని 2024 అక్టోబరులో అమ్మేశాను. పన్నెండేళ్లు, లక్షా 38 వేల కిలోమీటర్లు. బ్రోకర్ లేడు, కమిషన్ లేదు. ఇలాంటి పాత బండి అమ్మాలనుకునేవాళ్లకి పనికొస్తుందని బండి సంగతీ, అమ్మిన సంగతీ రెండూ రాస్తున్నాను.

ముందు బండి. మాకు నర్సీపట్నం అవతల గుట్ట మీద జీడితోట ఉంది. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట, మధ్యలో ఒక గెడ్డ (వాగు). వానాకాలంలో ట్రాక్టర్లు కూడా దిగబడిపోయే చోట ఇది ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు), రెండో గేరులో, యాక్సిలరేటర్ పెద్దగా తొక్కక్కర్లేకుండానే ఎక్కేసేది. 2.5 లీటర్ డీజిల్ ఇంజిన్, 105 హార్స్ పవర్. ఇంజిన్ నన్ను ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు. 82 వేల దగ్గర క్లచ్ ప్లేట్ మార్చాను, ఇంజిన్ బలాన్ని ఇరుసులకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు రెండుసార్లు వేయించాను, మైలేజీ పదకొండు ఇచ్చేది. బాధపెట్టినవి వేరే ఉన్నాయి. క్యాన్వాస్ టాప్ కుట్ల దగ్గర నీళ్లు కారతాయి, ఆ నీళ్లు మ్యాట్ కింద చేరి ఫ్లోర్ తుప్పు పడుతుంది, దానికి రెండుసార్లు టింకరింగ్ చేయించాను. వెనక కమాన్ పట్టీలు కాబట్టి గతుకుల్లో వెనక కూర్చున్నవాళ్లకి నడుం పడిపోతుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ బండి ఎక్కడం ఆయన వల్ల కాలేదు. అందుకే అమ్మాల్సి వచ్చింది, లేకపోతే ఇంకో పదేళ్లు ఉంచుకునేవాణ్ణి.

మొదట పాత కార్లు కొనే ఒక కంపెనీ వాళ్లని పిలిచాను. కుర్రాడు వచ్చి ట్యాబ్ పట్టుకుని గీతలు, సొట్టలు, టైర్లు అన్నీ ఫోటోలు తీశాడు కానీ ఫోర్ బై ఫోర్ లివర్ మీద చెయ్యి కూడా వేయలేదు. రెండు లక్షల అరవై వేలు అన్నాడు. వాళ్ల లెక్కలో ఇది పన్నెండేళ్ల డీజిల్ బండి, అంతే. ఈ బండికి విలువ ఉన్నదే ఆ లివర్‌లో, అది చూడకుండా కట్టే రేటు నాకు అక్కర్లేదనిపించి నాలుగు లక్షల డెబ్భై ఐదు వేలకి నేనే ప్రకటన పెట్టుకున్నాను.

ఫోన్లు చాలా వచ్చాయి. బండి చూడకుండా "ఫైనల్ ఎంత?" అని అడిగినవాళ్లకి బండి దగ్గరే మాట్లాడదామని చెప్పేసేవాణ్ణి. వచ్చి చూసినవాళ్లు ఏడుగురు. వాళ్లలో ఒకాయన వల్ల నాకు బాగా తెలిసొచ్చింది. మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే గేరు) పెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూ టర్న్ కొట్టాడు. బండి ఎవరో వెనక్కి పట్టుకుని లాగినట్టు బిగుసుకుపోయి, కింద టక్ టక్‌మని కొట్టుకుంది. "గేర్‌బాక్స్ పోయింది మీ బండికి" అని దిగిపోయాడు. అది జబ్బు కాదు. ఈ బండిలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యన డిఫరెన్షియల్ (రెండిటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, పొడి రోడ్డు మీద జారడానికి చోటు లేక మొత్తం బిగుసుకుంటుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు, ఎదురుగా కనిపించేది అలా ఉంటే నమ్మకపోవడంలో ఆయన తప్పు కూడా లేదు.

ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ముందు తోట బాట దగ్గరికే తీసుకెళ్లాను. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చిన్న లివర్‌ని ఫోర్ లోకి లాగితే కింద నుంచి ఠక్కుమని ఒక్క శబ్దం, అరికాలికి తెలుస్తుంది. మళ్లీ గేరు వేసి క్లచ్ వదిలితే నెమ్మదిగా మూలుగుతూ కదులుతుంది. అది చూశాక బేరం మాటే మారిపోయేది. ఆ లివర్ అంత తేలిగ్గా పడిందంటే నెలకోసారైనా మట్టిలో రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో తోలడం వల్లే. ఏళ్ల తరబడి ముట్టుకోని బండ్లలో అది పట్టేస్తుంది, కొనేవాడు లాగితే రాదు, అక్కడే యాభై వేలు తగ్గిస్తాడు.

ఇంకోటి, రాత్రిపూట బండి కింద పెద్ద అట్టముక్క పరిచి ఉంచేవాణ్ణి. ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్ల పెట్టె) వెనక సీలు దగ్గర చెమ్మ ఉంది, పొద్దున్నకి రూపాయి బిళ్లంత మరక పడేది. ఆ అట్ట నేనే తీసి చూపించి, ఇదీ లీకు, ఇదీ ఫ్లోర్ తుప్పు, టైర్లు సగం అరిగాయి అని ముందే చెప్పేశాను. దాచిపెడితే మెకానిక్‌ని తెచ్చుకుని ఎలాగూ కనిపెడతారు, అప్పుడు మనం చెప్పిన నిజాలు కూడా నమ్మరు.

ముందు ఇనుప గార్డు ఉండేది. అలాంటి గార్డులు కుదరవని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ చెప్పింది. దాన్ని విప్పేసి, మెట్ల కింద దాచిన కంపెనీ బంపర్ మళ్లీ బిగించాను. పాత బండ్లకి తీసేసిన ఒరిజినల్ సామాన్లు పారేయకండి.

కాగితాల దగ్గర మాత్రం నిజంగా టెన్షన్ పడ్డాను. లోన్ 2017లోనే తీర్చేశాను, కానీ ఆర్సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉండిపోయింది. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) నేను ఎక్కడో పెట్టి మర్చిపోయాను. మళ్లీ అడిగితే మూడు వారాలు తిప్పారు. అది వచ్చాక ఫారం 35తో ఆ తాకట్టు నమోదు తీయించాను. ప్రకటన పెట్టకముందే చేయాల్సిన పని, ఆ ఆలస్యానికి ఒక మంచి బేరం పోయింది.

ఒడిశాలోని కొరాపుట్ నుంచి ఒకతను నాలుగున్నర లక్షలు ఇస్తానన్నాడు. వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, అక్కడ మళ్లీ టాక్స్ కట్టాలి. "అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు బండి ఇచ్చేయండి" అన్నాడు. వద్దన్నాను. బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా తీర్పు ఇచ్చింది. ఇరవై వేలు ఎక్కువ వస్తాయని ఆ భారం నెత్తిన పెట్టుకోలేను.

చివరికి పాడేరు వైపు నుంచి ఒక కాఫీ రైతు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. టైర్ల కంటే ముందు బండి కింద పడుకుని జాయింట్ క్రాసులు చేత్తో ఊపి చూశాడు, అప్పుడే నా మనసు కుదుటపడింది. "అన్నయ్యా, నవంబరు నుంచి కాయ కోతకొస్తుంది, కొండ మీంచి బస్తాలు దింపుకోవాలి, లీకు నేను చేయించుకుంటాను" అన్నాడు. నాలుగు లక్షల ముప్ఫై వేలకి కుదిరింది. ఇరవై వేలు పేరు మారాక ఇస్తానన్నాడు, సరేనన్నాను, దానివల్ల ఇద్దరికీ తొందర ఉంటుంది. పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. బండి అప్పగించిన తేదీ, టైము, మీటరు రీడింగు కాగితం మీద రాసుకుని అతని ఆధార్ కాపీ తీసుకున్నాను. పాత చలాన్లు కట్టేశాను, ఫాస్టాగ్ మూయించాను. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోగా తన పేరుకి మార్చుకోమని చెప్పాను. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, మనదే, కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మన తర్వాతి బండికి వాడుకోవచ్చు. నాకు యాభై శాతం ఉంది, అడక్కపోతే పోయేదే.

పందొమ్మిదో రోజు ఆన్‌లైన్‌లో ఆర్సీ చూస్తే అతని పేరు వచ్చింది. ఆ సాయంత్రమే ఇరవై వేలు పంపాడు. కుట్లు వేయించడానికి అనకాపల్లిలో ఇచ్చిన క్యాన్వాస్ టాప్ అప్పటికి తయారైంది, మర్నాడు ఆర్టీసీ కార్గోలో పాడేరు పంపించాను.