జాంజిబార్‌లో సెలవు రాత్రి: ఎక్కడ తినాలి, ఎక్కడ ఆడాలి

టాంజానియా దీవి జాంజిబార్ వెళ్లి బీచ్ హోటల్లో 'కల్చరల్ నైట్' టికెట్ కొనాలనుకునేవాళ్లకి ముందే చెప్తున్నాను, ఆ డబ్బు మిగుల్చుకోండి. మేం మొదటి రాత్రి ఒక హోటల్లో చూశాం. చప్పటి బఫే, కాసేపు మసాయి తెగ కుర్రాళ్ల ఎగురుళ్లు, ఆ వెంటనే పూసల దండల అమ్మకం. అసలు మసాయిలది ఈ దీవే కాదు, అవతల ఆఫ్రికా నేల.

నేను దీవికి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద నగరం దార్ ఎస్ సలామ్ శివార్లలో ఒక బడిలో వాలంటీరుగా లెక్కలు చెప్తున్నాను. జనవరి 12 సెలవు. 1964లో జాంజిబార్‌లో సుల్తాను పాలన కూలిన రోజది. శని, ఆదివారాలు కూడా కలిసొచ్చాయి. మాకు అక్కడి భాష స్వాహిలీ నేర్పే టీచరమ్మది జాంజిబారే కావడంతో ఆవిడ వెంట ఫెర్రీ ఎక్కాం. రెండు గంటల ప్రయాణం. టూరిస్టుగా వచ్చేవాళ్లు అక్కడి తప్పనిసరి బీమా 44 డాలర్లు కూడా లెక్కలో వేసుకోవాలి.

బస జాంజిబార్ పాత పట్టణం స్టోన్ టౌన్ లోపలే, ఇత్తడి బొడిపెల తలుపున్న పాత ఇంట్లో. దోమతెర ఉంది, ఏసీ లేదు. ఆ సందుల్లోకి కారు రాదు కాబట్టి పెద్ద సూట్‌కేసుతో వెళ్తే నడుం పడిపోతుంది. తెల్లవారుజామున మసీదు అజాన్‌కి మెలకువ ఖాయం. అయినా రాత్రి ఎంత ఆలస్యమైనా నడిచి రావచ్చు. నాకు అదే కావాలి.

సెలవు సాయంత్రం సముద్రపొడ్డున ఫొరోధాని తోటలో ఊరంతా ఉంది. పిల్లలు గోడ మీంచి పరుగెత్తి సముద్రంలోకి దూకుతున్నారు. చీకటి పడగానే బండ్లు వెలిగాయి. జాంజిబార్ పిజ్జా అంటారు గానీ పిజ్జాకీ దానికీ సంబంధం లేదు. పిండి ముద్దని నూనె చేత్తో కాగితమంత పల్చగా సాగదీసి, మధ్యలో ఉల్లిపాయ, క్యాప్సికం, ఛీజ్, గుడ్డు వేసి, నాలుగు వైపులా మడిచి పెనం మీద కాలుస్తాడు. కీమా వద్దంటే వేయడు. మిష్కాకి, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన ముక్కలు మాత్రం ఎక్కువగా గొడ్డు మాంసం, తిననివాళ్లు అడిగి తీసుకోవాలి. పేర్చిపెట్టిన చేపలూ ఆక్టోపస్సూ ఫొటోకి బాగుంటాయి, కానీ మళ్లీ మళ్లీ వేడిచేసినవి ఎన్నో! రేటు ముందే తేల్చుకోకపోతే తిన్నాక చెప్పిందే రేటు. నా ఓటు ఉరోజోకి. మామిడి పులుపుతో పసుపుపచ్చగా చిక్కటి పులుసు, అందులో బంగాళాదుంప, బజియాలు, పైన కర్రపెండలం చిప్స్. కారం చాలదు, పిలిపిలి చట్నీ అడగండి. అల్లం, నిమ్మకాయ వేసి పిండిన చెరకు రసంతో అది చక్కగా దిగుతుంది.

అక్కణ్నుంచి టీచరమ్మ మమ్మల్ని ఆటోలో, స్టోన్ టౌన్ బయట ఉన్న ఙ్గాంబోకి తీసుకెళ్లింది. వాళ్ల బంధువుల పెళ్లి. మేళం కిడుంబాక్. రెండు బుల్లి డప్పులు, ఒక వయొలిన్, చెక్కపెట్టెకి కర్రా తీగా కట్టి వాయించే సందూకు, అంతే. ఇది జాంజిబార్ కచేరీ సంగీతం తారబ్‌కి గల్లీ చెల్లెలు. తారబ్‌కి పేరు తెచ్చిన గాయని సితి బింతి సాద్ 1928లో మన బొంబాయి వచ్చి రికార్డులు ఇచ్చింది. ఆ రాకపోకల వల్లనో ఏమో, ఒక వరస అచ్చం పాత హిందీ పాటలా వినిపించి నేను కూనిరాగం తీశాను.

ఆడవాళ్లంతా ఒకే రకం కంగాలు, అంటే అక్కడి రంగురంగుల అచ్చు గుడ్డలు కట్టుకుని, నడుం తప్ప ఏదీ కదపకుండా వలయంగా తిరుగుతున్నారు. పాటలో ఎవరినో దెప్పే చరణం వచ్చినట్టుంది, ఒకావిడ నోటు గాల్లో ఊపుతూ గాయని దగ్గరికి నడిచి, అది ఇచ్చి, ఎదురుగా కూర్చున్నావిడ వంక ఓరగా చూసి వెనక్కి వచ్చింది. గొల్లున నవ్వులు. "కూర్చోడానికి వచ్చావా?" అని టీచరమ్మ నన్నూ లాగింది. బతుకమ్మ ఆడిన కాళ్లకి వలయం కష్టం కాలేదు, నడుమే మాట వినలేదు.

ఇలాంటి పిలుపు అందరికీ దొరకదు. దొరక్కపోతే ధౌ కంట్రీస్ మ్యూజిక్ అకాడమీ విద్యార్థుల తారబ్ కచేరీ ఎప్పుడుందో కనుక్కుని వెళ్లండి. ఫిబ్రవరిలో అయితే పాత కోటలో సౌతి జా బుసారా సంగీత ఉత్సవం ఉంటుంది, కానీ అప్పుడు గదులు ముందే నిండిపోతాయి. పెళ్లి పిలుపు వస్తే భుజాలు కప్పే బట్టలు వేసుకుని, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. నా దగ్గర ఉన్నవన్నీ రెండో పాటకే అయిపోయాయి.