ఇందిరానగర్‌లో స్పెయిన్ ఊరి స్లైడ్ షో: టికెట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కాకపోతే ముందు వరసలో కుర్చీ దొరికితేనే. బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక కెఫే మేడ మీద వీకెండ్స్‌లో ఏదో ఒక ఊరి గురించి బొమ్మలేసి చెబుతుంటారు, ఈసారి అరాన్‌హ్వెత్. మాడ్రిడ్‌కి దక్షిణాన, 50 కిలోమీటర్ల లోపే. స్పెయిన్ అంటే ఎద్దులతో పోరాటాలే చూపించకుండా, జనం పొద్దున్నే లోకల్ రైలెక్కి ఆఫీసుకి పోయే ఊరిని తీసుకోవడం నాకు భలే నచ్చింది. మాతో వచ్చినవాళ్లంతా రోజూ ఇలాగే ఆఫీసుకి పోయే వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం బ్యాచే మరి.

అసలు కథేంటంటే, అది రాజుగారి విడిది. మామూలు జనం అక్కడ కాపురం పెట్టడానికే వీల్లేదు. 18వ శతాబ్దం మధ్యలో ఆరో ఫెర్నాండో ఆ నిషేధం ఎత్తేసి, గీత గీసినట్టు తిన్నగా వీధులు వేయించాడు. ఇక 1808 మార్చిలో ప్రధానమంత్రి గొదోయ్ మీద జనం తిరగబడితే ఆయన తన ఇంట్లోనే దాక్కుని, చివరికి దాహానికి తాళలేక బయటికొచ్చి దొరికిపోయాడు, ఆ దెబ్బకి నాలుగో కార్లోస్ రాజు కూడా గద్దె దిగాడు. ఇంత మసాలా ఉన్న ఘట్టాన్ని స్లైడ్లు చూపించే కుర్రాడు రెండు స్లైడుల్లో చుట్టేశాడు, అన్యాయం.

రైలు భాగం మాత్రం కూర్చోబెట్టేసింది. 1851లో మాడ్రిడ్ నుంచి ఇక్కడికి లైను పడింది, స్పెయిన్ ప్రధాన భూభాగంలో 1848 నాటి బార్సిలోనా–మతారో తర్వాత ఇదే రెండోది. రాజుగారి విడిదికి వేసిన దారిలోనే ఇక్కడి తోటల స్ట్రాబెర్రీలు రాజధానికి వెళ్లాయి, ఇప్పుడు సీ-3 అనే లోకల్ రైల్లో ఉద్యోగస్తులు వెళ్తున్నారు. 1984 నుంచి టూరిస్టుల కోసం స్ట్రాబెర్రీ రైలు కూడా ఉంది, పాతకాలం గౌన్లు వేసుకున్న అమ్మాయిలు పెట్టెల్లో తిరుగుతూ పళ్లు పంచుతారు. ఆ ముక్క చెప్పగానే మాకూ పేపర్ కప్పుల్లో తలా నాలుగు పళ్లు ఇచ్చారు, మహాబలేశ్వరం సరుకు, తొడిమ దగ్గర ఇంకా తెల్లగానే ఉంది, పులుపుకి కన్ను మూతపడింది. పక్కనున్న వదిన బ్యాగులోంచి ఉప్పుకారం పొట్లం తీసింది, అప్పుడు బాగున్నాయి.

మైకు గరగర. వెనక వరసకి సగం వినపడదు. పార్కింగ్ లేదు, మెట్రో పర్పుల్ లైన్‌లో వెళ్లిపోండి.